బల్లకు అటు నేరస్థుడు, ఇటు వట్టి చేతుల సైనికుడు

సంపాదకులు గారికి,

నమస్కారాలు.

స్రెబ్రెనిత్సా మారణకాండ (1995 జులైలో బోస్నియాలో, ఐక్యరాజ్యసమితి తరఫున డచ్ దళం కాపలాలో ఉన్న ఊళ్ళో, రాట్కో మ్లాదిచ్ నడిపిన బోస్నియా సెర్బు సైన్యం వేలాది ముస్లిం మగవాళ్ళను చంపిన ఘటన) మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసాన్నీ, దానిపై తర్వాతి వారం అచ్చయిన రెండు పాఠకుల లేఖలనూ శ్రద్ధగా చదివాను. మొదటి లేఖ రాసినవారు అక్కడి డచ్ సైనికులను పిరికిపందలన్నారు. కసాయివాడైన మ్లాదిచ్‌తో గ్లాసులు కలిపినవాళ్ళను సైనికులని ఎలా అంటామని అడిగారు. మన జవాన్లయితే ఆ పని చేసేవారు కాదని కూడా ముక్తాయించారు. రెండవ లేఖ రాసినవారు జాలిపడ్డారు. పైనుంచి వచ్చిన ఉత్తర్వుల ప్రకారం నడిచే మనిషి అంతకంటే ఏం చేయగలడన్నారు. ఇరవై ఎనిమిదేళ్ళు సైన్యంలో పనిచేసి సుబేదారుగా పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక ఈ రెండు మాటలూ నాకు తేలిగ్గానే తోచాయి. ఒకటి సైనికుణ్ణి బోనులో నిలబెట్టి తక్కిన అందరినీ ఇంటికి పంపించేస్తుంది, రెండవది అందరితోపాటు సైనికుణ్ణి కూడా పంపించేస్తుంది.

ముందుగా మ్లాదిచ్‌తో మాటలు జరిగిన హోటల్ గదిలోకి డచ్ దళాధిపతి లెఫ్టినెంట్ కల్నల్ టామ్ కారెమాన్స్ ఏం పట్టుకుని వెళ్ళాడో చూడాలి. 1993 ఏప్రిల్ 16న భద్రతా మండలి 819వ తీర్మానంతో స్రెబ్రెనిత్సాను 'సురక్షిత ప్రాంతం'గా ప్రకటించింది. అంతకు నెల ముందే ఐక్యరాజ్యసమితి దళాల ఫ్రెంచి జనరల్ ఫిలిప్ మోరియోఁ ఆ ఊరి ప్రజల ఎదుట నిలబడి, మీరిక మా రక్షణలో ఉన్నారని మాట ఇచ్చి వచ్చాడు. మాట ఇవ్వడం సులువు. బోస్నియాలోని ఆరు సురక్షిత ప్రాంతాలను కాపాడాలంటే అదనంగా 34,000 మంది సైనికులు కావాలని సైనికాధికారులు లెక్క చెబితే, మండలి 7,600 మందితో సరిపెట్టింది. 1995 జులై నాటికి స్రెబ్రెనిత్సాలో మిగిలిన డచ్ సైనికులు నాలుగు వందల లోపు. సెలవు మీద వెళ్ళినవాళ్ళను సెర్బులు తిరిగి రానివ్వలేదు. డీజిల్ రానివ్వకపోవడంతో గస్తీ కాలినడకన సాగింది. జులై 10 రాత్రి కారెమాన్స్ ఊరిపెద్దలను పిలిచి, తెల్లవారేసరికి భారీగా వైమానిక దాడులు జరుగుతాయని చెప్పాడు. తెల్లవారింది, ఏమీ జరగలేదు. మధ్యాహ్నం దాటాక రెండు ఎఫ్-16 విమానాలు వచ్చి బాంబులు వేశాయి, తమ చేతికి చిక్కిన ముప్పై మంది దాకా డచ్ సైనికులను చంపేస్తామని సెర్బులు బెదిరించారు, హేగ్ నుంచి డచ్ రక్షణ మంత్రి దాడులు ఆపమని పట్టుబట్టాడు, దాడులు ఆగిపోయాయి. సాయంత్రానికి ఊరు రాట్కో మ్లాదిచ్ వశమైంది. ఇరవై అయిదు వేల మంది జనం పొటోచారిలో పాత బ్యాటరీ ఫ్యాక్టరీలో ఉన్న డచ్ స్థావరం చుట్టూ చేరారు. వారిలో అయిదారు వేల మంది కంచె లోపల ఉన్నారు, మిగిలినవారు బయట.

ఆ రాత్రి ఎనిమిది గంటల వేళకు బ్రాతునాత్స్ పట్టణంలోని ఫొంటానా హోటల్లో కారెమాన్స్‌ను మ్లాదిచ్ ఎదుట కూర్చోబెట్టారు. అదంతా సెర్బు కెమెరాల ముందు జరిగింది కాబట్టి ఆ దృశ్యాలు ఈనాటికీ చూడవచ్చు. నేను చాలాసార్లు చూశాను. నా సైనికుల మీద కాల్పులకు ఆజ్ఞ ఇచ్చింది నువ్వేనా అని మ్లాదిచ్ గద్దిస్తాడు. కారెమాన్స్ మెడ ముందుకు సాగి, గొంతు ఎండిపోయి, తాను కేవలం పియానో వాయించేవాణ్ణని, వాయించేవాణ్ణి కాల్చవద్దని అంటాడు. అయితే నువ్వు చెడ్డ వాద్యగాడివని మ్లాదిచ్ ఎద్దేవా చేస్తాడు. కొంతసేపటికి కారెమాన్స్ తన పై అధికారుల తరఫున జనం సంగతి ఎత్తుతూ, ఇది అభ్యర్థన మాత్రమేనని, ఏదీ డిమాండు చేసే స్థితిలో తాను లేనని అంటాడు. మొత్తం ఫిల్ములో నన్ను నిలవనివ్వని మాట అదే. రాయబారానికి వెళ్ళిన కృష్ణుడి వెనుక ఏడు అక్షౌహిణులు ఉన్నాయి. అయినా దుర్యోధనుడు ఆయనను కట్టేయాలనే చూశాడు. ఈయన వెనుక ఏముంది? ఆగిపోయిన విమానాలు, డీజిల్ లేని బండ్లు.

గ్లాసులు పట్టుకున్న ఫొటో ఆ సమావేశంలోదే. ఆ గ్లాసులో ఏముందని ప్రపంచం చాలా కాలం వాదించుకుంది. మంచినీళ్ళే ఉన్నా, మరొకటి ఉన్నా, ఫొటో తీయించినవాడికి కావలసింది దొరికింది.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పుకోక తప్పదు. నేను కొలువులో ఉండగా, ఈశాన్య రాష్ట్రాల్లో ఒకచోట, రోడ్డు పనికి కంకర తోలే ఇద్దరు డ్రైవర్లను ఒక సాయుధ ముఠా ఎత్తుకుపోయింది. ఊరిపెద్ద మధ్యవర్తిగా వాళ్ళ ఇంట్లోనే మాటలు కుదిరాయి. మా కెప్టెన్ సాబ్ నన్ను వెంట తీసుకువెళ్ళారు. ఎదురుగా కూర్చున్న మనిషి అంతకు ఆరు నెలల ముందు మా ట్రక్కు కింద మందుపాతర పేల్చి ఇద్దరిని పొట్టన పెట్టుకున్న ముఠాకు నాయకుడు; ఆ ఇద్దరిలో ఒకడు నా సెక్షన్ కుర్రాడు. 'ఆప్' అని పిలవాలి, గొంతు పెంచకూడదు అని కెప్టెన్ సాబ్ దారిలోనే నాకు చెప్పారు. అల్లం దంచి వేసిన టీ ఇచ్చారు, తాగాను. ఒక గంటసేపు నోరారా 'ఆప్', 'ఆప్' అంటూ కూర్చున్నాను. మన భాషలో చెప్పాలంటే, నువ్వు అనడానికి కూడా నోరు రాని మనిషిని మీరు అన్నాను. మూడో రోజుకు డ్రైవర్లు ఇద్దరూ క్షేమంగా తిరిగి వచ్చారు. వెళ్ళి తప్పు చేశానని నేను ఈనాటికీ అనుకోను. కానీ ఆ తర్వాత సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు ఆ కుర్రాడి తల్లిదండ్రులను చూడడానికి వెళ్ళి, వాళ్ళ అరుగు మీద కూర్చుని, ఆ గంట సంగతి మాత్రం చెప్పలేకపోయాను.

అందుచేత, నేరస్థుడితో బేరానికి కూర్చోవడమే నేరం అనే మొదటి లేఖ వాదాన్ని నేను ఒప్పుకోను. 1994లో రువాండాలో ఐక్యరాజ్యసమితి దళాలకు నాయకత్వం వహించిన కెనడా జనరల్ రోమియో డలేర్ కిగాలీలో బందీలుగా చిక్కుకున్న టుట్సీ తెగవారిని తరలించడానికి ఇంటరాహామ్వే హంతక ముఠాల నాయకులను కలవవలసి వచ్చింది. జనవరి 11నే మారణకాండ సన్నాహాల గురించి ఆయన న్యూయార్క్‌కు తంతి పంపితే, దాచిన ఆయుధాలను స్వాధీనం చేసుకునేందుకు అనుమతి రాలేదు. హత్యలు మొదలయ్యాక, దళాన్ని 270 మందికి కుదించమని ఏప్రిల్ 21న తీర్మానం వచ్చింది. ఆ సమావేశానికి వెళ్ళేముందు ఎదుటివాళ్ళను చూసి చేయి నిలవదేమోనన్న భయంతో తన పిస్తోలులోని గుళ్ళు తీసేశానని, కరచాలనం చేసిన వాళ్ళలో ఒకడి చొక్కా మీద ఎండిన రక్తపు చుక్కలు ఉన్నాయని ఆయన తర్వాత చెప్పుకున్నారు. ఆ చేతిని అందుకున్నారు కాబట్టే కొందరు బతికారు. ఆయన మాత్రం తిరిగి వచ్చాక ఏళ్ళ తరబడి కుంగిపోయి, 2000 సంవత్సరంలో మానసిక గాయం కారణంగానే సైన్యం నుంచి బయటికి రావలసి వచ్చింది. ఆయనను మందలించే అర్హత మనలో ఎవరికీ లేదనుకుంటాను.

మరి పొటోచారిలో చెడింది ఎక్కడ? నా ఉద్దేశంలో ఆ గ్లాసు దగ్గర కాదు, మరుసటి రెండు రోజుల్లో. జులై 12న మ్లాదిచ్ కెమెరాల ముందు పిల్లలకు మిఠాయిలు పంచి, ఒక కుర్రవాడి తల నిమిరాడు. ఆడవాళ్ళను, పిల్లలను బస్సులు ఎక్కించడం మొదలైంది. మగవాళ్ళను మాత్రం యుద్ధ నేరాల విచారణ పేరుతో వేరు చేసి, స్థావరానికి ఎదురుగా ఉన్న తెల్ల ఇంట్లోకి తోశారు. ఆ ఇంటి ముందు సంచులు, దుస్తులు, వాటితోపాటు గుర్తింపు కార్డులు, పాస్‌పోర్టులు కుప్పగా పడ్డాయి. విచారణ చేయదలచినవాడు ముందుగా అడిగేది పేరు. పేరు చెప్పే కాగితాన్నే లాక్కుని నేల మీద పడేశారంటే, ఆ మనుషులకు ఇక పేర్లతో పని లేదని అర్థం. కుప్పను చూసిన డచ్ సైనికులు కొందరికి ఆ సంగతి తెలిసిపోయింది; తర్వాత మాజీ యుగోస్లావియా యుద్ధ నేరాల అంతర్జాతీయ ట్రిబ్యునల్ ఎదుట వాళ్ళే సాక్ష్యం చెప్పారు. అయినా 'తరలింపు', 'విచారణ' అనే మ్లాదిచ్ మాటలే డచ్ అధికారుల నోళ్ళలోనూ, నివేదికల్లోనూ తిరిగాయి. బేరంలో మనం ఎదుటివాడికి ఇచ్చే వాటిలో అన్నిటికంటే తెలియకుండా పోయేది మన మాట. నేను 'ఆప్' అన్నప్పుడు ఆ మనిషి నా దృష్టిలో పెద్దమనిషి కాలేదు, ఆ సంగతి నాకూ తెలుసు, అతనికీ తెలుసు. 'విచారణ' అనే మాటను నిజమని పట్టుకున్నవాడి సంగతి వేరు.

జులై 13న కంచె లోపల మిగిలిన దాదాపు 350 మంది మగవాళ్ళను బయటికి పంపించేశారు. లోపలికి వచ్చి వాళ్ళను ఈడ్చుకుపోవలసిన శ్రమ కూడా సెర్బులకు తప్పింది. డచ్ దళంలో ఉపాధిపతి మేజర్ రాబ్ ఫ్రాంకెన్ ఒక ప్రయత్నం చేశాడని చెప్పకపోతే అన్యాయం అవుతుంది: లోపలి మగవాళ్ళ పేర్లు నమోదు చేయించి, ఈ పేర్లు బయటి ప్రపంచానికి తెలుసునని సెర్బులకు తెలిసేలా చేస్తే వాళ్ళను చంపడానికి జంకుతారని ఆశించాడు. 239 పేర్లు వచ్చాయి. ఆ జాబితానే తమకు ఉరితాడు అవుతుందేమోనని భయపడి కొందరు పేరు ఇవ్వనే లేదు. పేరు ఇచ్చినవాళ్ళలోనూ చాలామంది మళ్ళీ కనిపించలేదు. ఆ కాగితాన్ని నేను తప్పుబట్టను. మ్లాదిచ్ బల్ల దగ్గర తన చేతిలో ఏమీ లేని సైన్యం వెతికి వెతికి పట్టుకున్న ఒకే ఒక ఆయుధం అది. కానీ పేర్లు రాసుకున్న మనుషులనే గేటు దాటించిన తర్వాత ఆ ఆయుధం ఎవరి మీద ప్రయోగించినట్టు?

హసన్ నుహానోవిచ్ అనే యువకుడు ఐక్యరాజ్యసమితికి దుబాసీగా పనిచేసేవాడు. ఐక్యరాజ్యసమితి ఉద్యోగి కనుక ఆయన లోపల ఉండవచ్చు. తల్లి, తండ్రి, తమ్ముడు ఉండకూడదు. బయటికి వెళ్ళాలన్న ఉత్తర్వును తన ఇంటివాళ్ళకు తన నోటితోనే అనువదించి చెప్పవలసి వచ్చింది. తండ్రి ఇబ్రో నుహానోవిచ్ అంతకు ముందురోజు ఉదయం ఫొంటానా హోటల్లో మ్లాదిచ్‌తో మాట్లాడడానికి ప్రజల తరఫున వెళ్ళిన ముగ్గురిలో ఒకరు. అందువల్ల ఆయనకు ఉండిపోయే వీలు ఇచ్చారు. చిన్నకొడుకు ముహమెద్‌ను ఒంటరిగా పంపలేక ఆయన కూడా కొడుకు వెంట గేటు దాటాడు. ఇద్దరినీ చంపేశారు, తల్లినీ చంపేశారు. స్థావరంలో డచ్ దళానికే ఎలక్ట్రీషియన్‌గా పనిచేసిన రిజో ముస్తాఫిచ్‌నూ పొరపాటున బయటికి పంపించేశారు. ఈ ఇద్దరు నుహానోవిచ్‌ల, ముస్తాఫిచ్ మరణాలకు డచ్ ప్రభుత్వమే బాధ్యురాలని ఆ దేశ సుప్రీంకోర్టు 2013 సెప్టెంబరు 6న తీర్పు ఇచ్చింది. కేసు వేసి, పదేళ్ళకు పైగా కోర్టుల చుట్టూ తిరిగి ఆ తీర్పును సాధించినది ఆ దుబాసీయే.

బేరం అక్కడితో పూర్తయినా సైనికుడి బాధ్యత ముగియలేదు, ఈ భాగాన్ని మీ వ్యాసకర్త దాదాపు వదిలేశారు. జులై 17న సెర్బులు తయారుచేసిన ఒక పత్రం మీద, తరలింపు అంతా సక్రమంగా జరిగిందని, ఫ్రాంకెన్ సంతకం చేశాడు. ఐక్యరాజ్యసమితి దళాలు వెంట ఉన్న వాహన శ్రేణుల మట్టుకు అన్న ఒక్క మాటను తన చేతితో చేర్చాడు. ఆ చేర్పు వల్ల పత్రానికి విలువ పోయిందని తర్వాత వివరించాడు. ఆఫీసు కాగితాలతో పని ఉన్న ఎవరికైనా ఈ ఎత్తుగడ పరిచితమే: సంతకం పెట్టామనీ అనిపించుకోవాలి, పెట్టలేదనీ అనిపించుకోవాలి. సెర్బు ప్రచారానికి మాత్రం సంతకమే సరిపోయింది. డచ్ దళం జులై 21న బయటపడింది. బయలుదేరేముందు మ్లాదిచ్ కారెమాన్స్‌కు కానుక ఇచ్చాడు. ఇది నా భార్యకా అని ఆయన అడగడం కూడా కెమెరాకు ఎక్కింది. క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌కు చేరాక డచ్ యువరాజు, ప్రధాని విమ్ కోక్ ఎదురు వచ్చిన చోట సైనికులు బీరు తాగారు, పాటలు పాడారు. చావు తప్పించుకు వచ్చిన ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు తాగి పాడినందుకు నేను తప్పుబట్టలేను. కానీ అక్కడి పత్రికా సమావేశంలో కారెమాన్స్ నోట వచ్చినది బోస్నియాలో మంచివాళ్ళు, చెడ్డవాళ్ళు అని విడదీయడం కుదరదన్న మాట. అప్పటికి హోటల్ గది లేదు, మెడ మీద కత్తి లేదు, బందీలు లేరు. వట్టి చేతులతో బల్ల దగ్గర అన్న మాటకు మినహాయింపు ఉంటుంది గాని, బయటపడి వచ్చాక పత్రికలవాళ్ళ ముందు అన్న మాటకు ఉండదు. రెండు రోజులు అటూ ఇటూ కాగానే, జులై 25న, ఆ యుద్ధ నేరాల ట్రిబ్యునల్ మ్లాదిచ్ మీద మొదటి అభియోగ పత్రాన్ని బయటపెట్టింది.

అలాగని బిల్లు మొత్తం కారెమాన్స్ పేర రాయడం కూడా సబబు కాదు. మే నెలాఖరులో బోస్నియా సెర్బుల ముఖ్య కేంద్రమైన పాలె దగ్గర ఆయుధాగారాల మీద నాటో బాంబులు వేసినందుకు సెర్బులు 300 మందికి పైగా ఐక్యరాజ్యసమితి సైనికులను బందీలుగా పట్టారు. జూన్ 4న ఆ దళాల మొత్తానికి అధిపతి అయిన ఫ్రెంచి జనరల్ బెర్నార్ జాన్వియే జ్వోర్నిక్‌లో మ్లాదిచ్‌ను కలిశాడు. బందీలను వదిలితే వైమానిక దాడులు ఉండవన్న ఒప్పందం అక్కడ కుదిరిందన్న ఆరోపణ రుజువు కాలేదు. బందీలు వచ్చారు, అటు తర్వాత విమానాలు రావడం అరుదైంది. ఎవరికి వారు ఊహించుకోవచ్చు. కల్నల్ బేరం ఆడింది హోటల్లో, కెమెరా ముందు. జనరళ్ళు, మంత్రులు ఆడిన బేరాలకు కెమెరాలు లేవు. మ్లాదిచ్‌కు అప్పటికే బాగా తెలిసిన విషయం ఒకటుంది: మూడు పదుల మంది సైనికుల ప్రాణాలను ముందు పెడితే చాలు, ఇరవై అయిదు వేల మంది పౌరుల ప్రాణాల ధర పడిపోతుంది. ఆ ధరను అతనికి నేర్పింది కారెమాన్స్ కాదు.

ఏడేళ్ళకు, 2002 ఏప్రిల్‌లో, డచ్ పరిశోధన సంస్థ నివేదిక వెలువడ్డాక విమ్ కోక్ ప్రభుత్వం మొత్తంగా రాజీనామా చేసింది. గౌరవప్రదమైన పనే, అయితే ఎన్నికలు ఎలాగూ నెలరోజుల్లో ఉన్నాయి. కోర్టుల్లో ఆ 350 మంది సంగతి తేలడానికి ఇంకా చాలా కాలం పట్టింది. కింది కోర్టు ప్రభుత్వ బాధ్యతను ఒప్పుకుంది; 2017లో అప్పీలు కోర్టు దానిని 30 శాతం అంది; 2019 జులై 19న సుప్రీంకోర్టు 10 శాతానికి తగ్గించింది. లోపలే ఉండిపోయే అవకాశం ఇచ్చి ఉంటే వాళ్ళు సెర్బుల చేతికి చిక్కకుండా ఉండే సంభావ్యత పదో వంతేనని న్యాయమూర్తుల లెక్క. నేను న్యాయశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాదు. పరిహారం కట్టడానికి ఏదో ఒక అంకె కావాలి కాబట్టి కోర్టు అంకె వేసింది, ఒప్పుకుంటాను. కానీ గేటు దగ్గర నిలబడి ఆ మగవాళ్ళను వరుసలో నడిపించిన కుర్రవాడు రాత్రిళ్ళు నిద్రలేచి కూర్చుంటే, అతనికి పదో వంతు నిద్రాభంగం కాదు కదా. ఆ కుర్రవాళ్ళలో చాలామంది ఇప్పుడు యాభై ఏళ్ళవాళ్ళు. 2022 జూన్‌లో డచ్ ప్రధాని మార్క్ రుట్టె వాళ్ళకు క్షమాపణ చెప్పాడు, మిమ్మల్ని అసాధ్యమైన పనికి పంపామన్న అర్థంలో. మూడు వారాల తర్వాత, జులై 11న, పొటోచారికి వెళ్ళి రక్షణ మంత్రి కాయ్సా ఒల్లోంగ్రెన్ మృతుల బంధువులకు క్షమాపణ చెప్పింది. వరుస గమనించండి: ముందు సైనికులకు, తర్వాత తల్లులకు. ఈ వరుస తిరగబడి ఉండవలసిందని ఒక మాజీ సైనికుడిగానే నాకు అనిపిస్తుంది.

చివరగా, మన జవాన్లయితే అలా చేసేవారు కాదన్న మాట. సియెర్రా లియోన్‌లో 2000 మే నెలలో కైలాహున్ దగ్గర తిరుగుబాటు దళం చుట్టుముట్టినప్పుడు 200 మందికి పైగా భారత సైనికులు 75 రోజులు ఆయుధాలు వదలకుండా నిలిచారు, జులైలో ఆపరేషన్ ఖుక్రీ వాళ్ళను బయటికి తెచ్చింది. అది నాకూ గర్వకారణమే. కానీ ఆ రెండు సందర్భాలనూ పక్కపక్కన పెట్టేటప్పుడు నిజాయితీ ఉండాలి. కైలాహున్‌లో మన స్థావరం గేటు ముందు ఇరవై అయిదు వేల మంది శరణార్థులు లేరు. విడిపించడానికి హెలికాప్టర్లు, ఫిరంగులు, పంపాలన్న సంకల్పం ఉన్నాయి. పైగా అక్కడ నేరస్థుడితో బేరం ముందే జరిగిపోయింది. 1999 జులైలో లోమే ఒప్పందంతో దౌత్యవేత్తలు ఆ తిరుగుబాటు దళం నాయకుడు ఫొడే సాంకోకు క్షమాభిక్షతోపాటు ఉపాధ్యక్ష హోదా, వజ్రాల గనుల మీద అధికారం కట్టబెట్టారు. పది నెలలు తిరగకముందే ఆ ఒప్పందానికి వెల కట్టవలసి వచ్చింది కైలాహున్‌లోని గూర్ఖా కుర్రాళ్ళే. బోస్నియా విషయంలోనూ మనకు సంబంధం లేకపోలేదు: అక్కడి ఐక్యరాజ్యసమితి దళాలకు మొట్టమొదటి అధిపతి మన లెఫ్టినెంట్ జనరల్ సతీశ్ నంబియార్, 1992 మార్చి నుంచి 1993 మార్చి దాకా. ఆయన తర్వాత కూడా ఆ బాధ్యత భారతీయుల చేతుల్లో ఉండి, ఒక తాడేపల్లిగూడెం కుర్రవాడు ఆ గేటు దగ్గర నిలబడి ఉంటే ఏం చేసేవాడో నేను ప్రమాణం చేసి చెప్పలేను. నా సంగతి కూడా చెప్పలేను.

మీకు ఒక విన్నపం. వ్యాసంతోపాటు మీరు అచ్చువేసిన ఫొటో గ్లాసులు పట్టుకున్నదే. అదే రాత్రి పదకొండు గంటలకు అదే హోటల్లో మ్లాదిచ్ రెండోసారి కొలువు తీర్చినప్పుడు, ప్రజల ప్రతినిధిగా ఎదురుగా కూర్చున్నది నెసిబ్ మాంజిచ్ అనే ఉపాధ్యాయుడు. ఎన్నిక కాలేదు, పదవి లేదు. జనంలోంచి డచ్‌వాళ్ళు ఎంచి తీసుకువెళ్ళారంతే. బయట పందిని కోస్తున్న అరుపులు గదిలోకి వినబడుతుండగా, విరగ్గొట్టి తెచ్చిన స్రెబ్రెనిత్సా పురపాలక భవనం నామఫలకాన్ని బల్ల మీద పెట్టి, నీ ప్రజల బతుకు నీ చేతుల్లో ఉందని మ్లాదిచ్ ఆయనకు చెప్పాడు. ఆ దృశ్యం కూడా ఫిల్ములో ఉంది. వచ్చే జులై 11న ఈ విషయం మీద మళ్ళీ రాసేటట్లయితే, దయచేసి ఆ ఫొటో కూడా వేయించగలరు.

ఇట్లు,
విశ్రాంత సుబేదారు,
తాడేపల్లిగూడెం